ఒడిలో సంచి

ఒడిలో ఏదో పడింది. గ్రేసీకి ఒళ్ళు మండిపోయింది.

తిరుచానూరు గుడి వీధిలో ఇది మామూలే. మూడు చక్రాల స్కూటరు, పక్కన ఊతకర్రలు కనిపిస్తే చాలు, దర్శనం చేసుకుని వచ్చేవాళ్ళు చిల్లరో అరటిపండో ఒడిలో వేసి పుణ్యం కట్టుకుని పోతారు. వాళ్ళను వెనక్కి పిలిచి, ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టి పంపడం గ్రేసీకి అలవాటు.

ఈసారి పడింది మాత్రం బరువుగా ఉంది. కూరగాయల సంచి.

"పట్టుకో పాపా. పూలు తీసుకోని వస్తా," అంటూ ఒక పెద్దావిడ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

తిరిగొచ్చాక సంచి తీసుకోలేదు. తానే వెనక సీటెక్కి కూర్చుని, పద అంది. తీరా చూస్తే ఆమె దిగింది గ్రేసీ వాళ్ళ పక్కింటి ముందే. పేరు చంద్రకాంతమ్మ. పలమనేరు నుంచి వచ్చి కొత్తగా అద్దెకు చేరింది, ఒంటరి మనిషి.

ఆనాటి నుంచి ఆమెకు ఊళ్ళో గ్రేసీ తప్ప ఇంకో మనిషి దొరకలేదు. మందుల అంగడికి పోయి రమ్మనేది. జాకెట్టు వదులు చెయ్యమనేది. మిద్దె మీద ఆరబోసిన వడియాలు తెమ్మనేది. గ్రేసీ ఆ వడియాలను గుడ్డలో మూటగట్టి మెడకు తగిలించుకుని, మెట్టు మెట్టుకూ కూర్చుంటూ దిగి తెచ్చిచ్చింది.

పోలియో వచ్చిన పిల్లకు పని చెప్పడానికి ఆ ముసలామెకు మనసెలా వస్తోందని వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది.

"నువ్వెందుకు చేస్తా ఉండావు?" అని అడిగింది స్నేహితురాలు కోమలి.

"కాదంటే, కాళ్ళు లేక కాదనింది అనుకుంటాదే."

కోమలికి చూపు లేదు. బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. ఆమెను కోచింగుకు తీసుకెళ్ళి తీసుకొచ్చేది గ్రేసీయే. వీల్‌చైర్లో తిరిగే మునిచంద్రకు బండి బాగుచేసి పెట్టేదీ ఆమే. ఇప్పుడు వాళ్ళిద్దరికీ దిగులు పట్టుకుంది. టాంజానియాలో నడవలేని ఆడపిల్లలకు కుట్టుపని నేర్పడానికి గ్రేసీ ఒక సంస్థ తరఫున ఏడాది పాటు స్వచ్ఛందంగా వెళ్తోంది. అక్కడి జ్వరాలు సోకకుండా సూది వేయించుకుంది. ఊతకర్రలు అరిగితే మార్చుకోవడానికి రబ్బరు బిరడాలు కొనిపెట్టుకుంది. అక్కడి భాషలో మాటలు కోమలి అడుగుతుంటే అప్పజెబుతోంది.

నువ్వు పోతే నా బండికి నూనె వేసేదెవరని మునిచంద్ర మూతి ముడిస్తే, నూనె డబ్బా వాడి చేతికిచ్చి వేసుకోమంది.

అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. ఈ అమ్మాయి ఒంటరిగా ఉండగలదని ఇంట్లో పెద్దవాళ్ళు ఫోనులో ఒక్క మాట చెబితేనే పంపుతామంది సంస్థ. ఆ మాట నాయన గోవిందయ్య నోట రావడం లేదు. చిన్నప్పటి నుంచి ఆమెను రెండు చేతులా ఎత్తి బస్సెక్కించిన మనిషి.

"నేను లేకుంటే బస్సే ఎక్కలేవు. ఆడ నిన్ను ఎవురు ఎత్తతారు?"

"ఎవురూ ఎత్తే పన్లేదు నాయనా. దేక్కుంటా అయినా పోతా. పోయేది మాత్రం పోతా."

"నేను సచ్చినా సెప్పను."

సంస్థ ఇచ్చిన గడువు ఆ సాయంత్రంతో సరి. గ్రేసీ విసురుగా వాకిట్లోకి వచ్చి స్కూటరెక్కింది. సరిగ్గా అప్పుడే చంద్రకాంతమ్మ బియ్యం సంచితో ఎదురైంది.

"ఇది మరాడించుకోని రా పాపా."

"నా కాళ్ళు సూసి కూడా పని సెప్పను నోరెట్లొస్తాది అవ్వా నీకు? కుంటిదాన్ని. నా చేత కాదు."

అనేశాక గ్రేసీయే అదిరిపడింది. ఇన్నేళ్ళుగా ఎవరి నోటా రానివ్వని మాట అది. తన నోటితోనే అంది, అదీ పని తప్పించుకోవడానికి.

చంద్రకాంతమ్మ ముఖం పాలిపోయింది. "సరేలే," అని సంచి చంకన పెట్టుకుంది. గ్రేసీ సిగ్గుతో తలెత్తలేక స్కూటరు నడుపుకుంటూ కోమలి ఇంటికి వెళ్ళిపోయింది.

తిరిగి వచ్చేసరికి గోవిందయ్య సంస్థకు ఫోను చేసి, ఆ మాట చెప్పేసి ఉన్నాడు. ఎందుకు మనసు మార్చుకున్నాడో చెప్పలేదు. తన మొండితనమే గెలిచిందని గ్రేసీ పొంగిపోయింది. మర్నాడు అవ్వ కాళ్ళు పట్టుకుందామని వెళ్తే పక్కింటికి తాళం. ఖాళీ చేసి పలమనేరు వెళ్ళిపోయిందన్నారు.

ప్రయాణం రోజు తిరుపతి బస్టాండులో మద్రాసు బస్సు ముందు గోవిందయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. గ్రేసీ ఊతకర్రలు లోపలికి విసిరి, మెట్టు మీద కూర్చుని, కమ్మీ పట్టుకుని ఒళ్ళు ఈడ్చుకుంటూ పైకెక్కసాగింది. కండక్టరు పట్టుకోబోయాడు.

"వద్దప్పా. ఎక్కతాది," అన్నాడు గోవిందయ్య.

కిటికీ పక్కన కూర్చుని చెమట తుడుచుకుంటూ గ్రేసీ నవ్వింది. "నన్ను ఎత్తను ఈ పొద్దు చేతులు రాలేదా నాయనా?"

"వచ్చినాయి. ఆపుకున్నా." ఆయన కిటికీకి దగ్గరగా జరిగాడు. "ఆ పొద్దు నువ్వు బండెక్కి పోయినాక చంద్రకాంతమ్మ మనింటికి వచ్చింది. ఏడస్తా కూసునింది."

"నేనన్న మాటకా?"

"కాదు. 'నా బిడ్డకీ ఇట్లాంటి కాళ్ళే గోవిందయ్యా, ముప్పై ఏండ్లు ఎత్తుకోని తిరిగినా. అది సచ్చిపోయేలోపల ఒక్కనాడన్నా దాని ఒడిలో సంచి పెట్టి, పట్టుకో పాపా అనలేదు' అనింది."