మధ్యలో అడ్డం

పిన్ని లాప్‌టాప్‌లో వైఫై నత్తనడక నడుస్తోంది. బాగుచెయ్యడానికి ఆ రాత్రి వచ్చిన అక్క కూతురు నెట్‌వర్క్ ఇంజినీరు. తన చేతికి లొంగని కనెక్షన్ లేదని ఆమె ధీమా. వైఫై ఛానెల్ మార్చింది. హాలు అవతలి చివర గూట్లో ఉన్న రౌటర్‌ను తీసి అక్కడే బల్ల మీద పెట్టి, లాప్‌టాప్ దగ్గరికి తిరిగొచ్చింది. అయినా వేగం రాలేదు.

"మెషిన్ తప్పేం లేదు పిన్నీ. మధ్యలో ఏదో అడ్డముంది. మనిషి నిలబడినా సిగ్నల్ ఇలాగే పడిపోతుంది," అంది దర్జాగా.

"నేను నీ పక్కనే ఉన్నాను కదే! హాల్లో ఎవరున్నారు?"

ఆమె నవ్వి, ఖాళీ హాలు వైపు తిరిగి, "కాస్త పక్కకు జరగండి," అంది.

సిగ్నల్ గీతలన్నీ ఒక్కసారిగా నిండాయి.

"చూశావా, పట్టేశాను!" అంది కాలరెగరేసి.

పిన్ని నవ్వలేదు. గోడవారనున్న సోఫా కిర్రుమంది. దాని మీది మెత్త మెల్లగా, ఎవరో కూర్చున్నట్టే, లోపలికి కుంగింది.