లేవని చెయ్యి

"ఒక్క మాట చెప్పండి అయ్యగారూ. ఆయన చెయ్యి ఎత్తారా, లేదా?"

తెల్ల అంగీకి గుండీలు పెట్టుకుంటున్న పాస్టరు ఆగిపోయాడు. మందిరం పక్కనున్న చిన్న గది అది. గోడకు అవతల, శవపెట్టెలో బస్సు డ్రైవరు పడుకుని ఉన్నాడు. నిన్న పొద్దున బస్సును రోడ్డు వారకు తీసి, హ్యాండ్ బ్రేకు వేసి, స్టీరింగు మీద తల వాల్చాడు. లోపలున్న నలభై మందిలో ఒక్కరికీ చిన్న గీత కూడా పడలేదు. అతను మాత్రం మళ్ళీ లేవలేదు.

అడుగుతున్నది అతని భార్య. గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇదా వదినా సమయం?" వెనక నుంచి ఆడపడుచు ఆమె భుజం పట్టుకుంది. "బతికుండగా ఆ ప్రశ్నేదో అన్నయ్యనే అడగాల్సింది."

"మీ అన్నయ్య చెబితే చాలదు. చూసేది అయ్యగారొక్కరే."

అది నిజమే. ఆ మందిరంలో ప్రతి ఆదివారం ప్రసంగం అయ్యాక పాస్టరు పిలుపు ఇస్తాడు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకుంటారు. దేవుడు తనను పిలుస్తున్నాడని, ఇక తప్పించుకు తిరగలేనని తోచినవాడు చెయ్యి ఎత్తుతాడు. అలా ఎత్తినవాడికి పరలోకం ఖాయమని అక్కడివాళ్ళ నమ్మకం. కళ్ళు తెరిచి ఉండేది పాస్టరు ఒక్కడే. "చూశాను తమ్ముడూ, దించు" అంటాడు. ఆ తరువాత, ఎత్తినవాళ్ళు ముందుకు వచ్చి మైకు పట్టుకుని తమ పాత బతుకు నలుగురి ముందూ చెప్పుకోవాలి.

సంఘ పెద్ద తలుపులోంచి తొంగిచూశాడు. "అయ్యగారండీ, మైకు గురగురమంటోంది. గొయ్యి తవ్వినవాళ్ళు అప్పుడే రెండుసార్లు ఫోను చేశారు. మబ్బు పట్టింది, గోతిలో నీళ్ళు నిలుస్తాయట."

"రెండు నిమిషాలు."

"మీ రెండు నిమిషాలు నాకు తెలియనివా" అని గొణుక్కుంటూ ఆయన వెళ్ళిపోయాడు.

ఆడపడుచు పాస్టరు దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "వదిన నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదండీ. చూశానని ఒక్క మాట అనేయండి. మీ సొమ్మేం పోతుంది?"

డ్రైవరు ఎప్పుడూ కూర్చునే చోటు పాస్టరు కళ్ళ ముందు మెదిలింది. నాలుగో బెంచీ, కిటికీ వైపు. తల వంచుకున్న డ్రైవరు భుజాలు అదరడం అతను చాలాసార్లు చూశాడు. ఒకసారి కన్నీళ్ళు పాటల పుస్తకం మీద రాలడమూ చూశాడు. చెయ్యి మాత్రం ఎప్పుడూ చూడలేదు. చూశానంటే ఈమె ఇంటికి వెళ్ళి నాలుగు మెతుకులు తింటుంది. కానీ శవం పక్కన అబద్ధమాడి, వచ్చే ఆదివారం ఎవరితోనో "చూశాను తమ్ముడూ" అనడానికి తనకు నోరెలా వస్తుంది?

"చూడలేదమ్మా" అన్నాడు.

ఆమె ఏడవలేదు. "బాగా గుర్తు తెచ్చుకోండి. మొన్న వానల్లో ఒక ఆదివారం నేను రాలేదు. మా అక్కకి ఆపరేషన్. ఆయనొక్కరే వచ్చారు. ఆ రోజు?"

"అమ్మా, ఏ రోజూ..."

"మిగతా రోజులు వద్దు. ఆ ఒక్క రోజు సంగతి చెప్పండి."

పాస్టరుకు ఆ రోజు గుర్తుంది. వానకు పట్టుమని పదిమంది రాలేదు.

"వచ్చారమ్మా. ప్రసంగమంతా విన్నారు. నేను పిలుపు ఇవ్వబోతుంటే డిపో నుంచి ఫోను వచ్చింది. ఎవరో డ్యూటీ ఎగ్గొట్టారట. లేచి వెళ్ళిపోయారు. గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, ఒకసారి వెనక్కి తిరిగి చూశారు."

ఆమె కుర్చీలో కూలబడింది. "అయితే ఆ రోజు కూడా పోయిందన్నమాట."

పాస్టరు ఆమె ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. అంగీ మాసిపోతుందన్న ధ్యాస కూడా లేదు.

"చూడమ్మా, నేను చూసేది చేతుల్ని. అంతే. పిలిచేవాడు దేవుడు. లోపల పలికిందీ లేనిదీ ఆయనకే తెలుసు. ప్రభువు పక్కన సిలువ మీదున్న దొంగ చెయ్యి ఎత్తాడా? మేకులు కొట్టిన చేతులమ్మా అవి! ఎత్తమంటే ఎలా ఎత్తుతాడు? అయినా ప్రభువు వాణ్ణి తన వెంట పరలోకానికి తీసుకుపోలేదూ?"

ఆమె మెల్లగా తల ఎత్తింది. "ఎత్తాలని ఉండీ ఎత్తలేకపోతే?"

"ఎత్తినట్టే."

"నా మొహం చూసి అంటున్న మాట కాదు కదా?"

"అలా అయితే ఇందాకే చూశాననేవాణ్ణి."

ఆడపడుచు ముక్కు చీది కళ్ళు తుడుచుకుంది. "విన్నావుగా వదినా. అన్నయ్యకి ఏ భయమూ లేదు. ఇక లే, మొహం కడుక్కో. అందరూ ఎదురుచూస్తున్నారు."

గోడకు అవతల పాట మొదలైంది. ఆమె లేవలేదు.

"ఆయన సంగతి తేలిందండీ" అంది పాస్టరుతో. "పాత బతుకు బయటపడితే మా పిల్లకి సంబంధాలు రావని, పెళ్ళి అయ్యేదాకా ఆ మైకు దగ్గరికి వెళ్ళొద్దని, ఆయన చెయ్యి లేవబోయిన ప్రతిసారీ పట్టుకుని కిందికి లాగింది నేను. మరి నా సంగతేమిటి?"