మూడో వైరు

పిడుగు పడి పాల కేంద్రంలో పాత కంప్యూటర్ మాడిపోయింది. కొత్తది వచ్చింది. వచ్చి ఏం లాభం? దాని వెనక, పిన్నులుండే పాత రకం వైరు పెట్టుకునే చోటు ఒక్కటంటే ఒక్కటే ఉంది. పెట్టాల్సినవి మూడు. పాలు తూచే కాంటా, వెన్న శాతం చెప్పే మిషన్, పాలు పోసినవాళ్ల పేరు గోడ మీద ఎర్రగా వెలిగే బోర్డు.

ఒక్క కంచం ముందు ముగ్గురు కూర్చున్నట్టయింది.

మానుకోట నుంచి మెకానిక్ అబ్రార్‌ను పిలిపించారు. అతను నర్సింహులపేటలో బస్సు దిగి, ఆటో పట్టుకుని ఆ ఊరు చేరేసరికి పొద్దు పొడిచింది. కేంద్రం సెక్రటరీ సుమ అప్పటికే తలుపు తీసి ఎదురుచూస్తోంది.

"కాంటా, బోర్డు, ఈ రెండు నడిస్తే సాలు తమ్మీ. వెన్న శాతం మిషన్ల జూసి నేను టైప్ జేసుకుంట. పాత కంప్యూటర్ల గూడ గట్లనే జేసిన."

"గంత తిప్పలెందుకక్కా? గీ డబ్బా తెచ్చిన. దీని తోక కంప్యూటర్‌కు పెడితే, నాలుగు వైర్లు దీనికే పెట్టుకోవచ్చు. మూడూ ఒక్కపారే నడుస్తయి."

"వద్దు తమ్మీ. రెండే పెట్టు."

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆమె వాలకం. అబ్రార్‌కు అనుమానం వచ్చింది. అతని తల్లి హాజిరా బీ ఒక్క బర్రెతో నలుగురు పిల్లలను సాకింది. ఆమె పోసే చిక్కటి పాలకు వాళ్ల ఊరి పాల కేంద్రంలో ఒకాయన చేత్తో తక్కువ అంకె ఎక్కించేవాడు. అక్కడ ఏమీ అనలేక ఇంటికొచ్చి ఏడ్చేది. అందుకే చేత్తో ఎక్కించే అంకెలంటే అబ్రార్‌కు ఒళ్లుమంట.

ఇంతలో ఓ ముసలాయన బస్టాండు వైపు నుంచి క్యాను మోసుకుంటూ వచ్చాడు. గడపలో నిలబడి ఆరిపోయి ఉన్న బోర్డు వంక చూశాడు.

"ఇయ్యాల పేరొస్తదా బిడ్డా?"

"వస్తది టీక్యా తాతా. జరసేపు కూసో," అంది సుమ.

టీక్యాది ఊరవతలి తండా. కేంద్రంలో సభ్యత్వాలన్నీ ఆడవాళ్ల పేర్ల మీదే ఉంటాయి. అట్లా ఆయన భార్య రాజీ పేరు బోర్డు మీద వెలిగేది. పోయిన వానాకాలం రాజీ చనిపోయింది. పేరు మారుస్తానని సుమ అంటే, ఆయన కాంటా పట్టుకుని పసివాడిలా ఏడ్చాడు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆయనకు చదువు రాదు. ఆ రెండక్షరాలు మాత్రం గుర్తుపడతాడు. రోజూ లీటరు పాలు పోస్తాడు. పేరు వెలుగుతుంది. అది ఆరిపోయేదాకా కళ్లార్పకుండా చూస్తాడు. కంప్యూటర్ కాలిన ఈ మూడు రోజులూ అందరూ పుస్తకంలో రాయించుకుని పాలు పోశారు. టీక్యా మాత్రం పేరు రాలేదని నిండు క్యానుతో తిరిగిపోయాడు.

సుమ ఇదంతా లోగొంతుతో అబ్రార్‌కు చెప్పింది. వెంటనే అతనికి ఇంకో సంగతి తట్టింది. చనిపోయిన మనిషి పేరు, చదువు రాని ముసలాయన, చేత్తో ఎక్కించే అంకె. దోచుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

సుమ అతనికి చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. అదే సందని అబ్రార్ మూడో వైరు కూడా డబ్బాకు బిగించాడు. ఇక మిషన్ చెప్పిన అంకె నేరుగా కంప్యూటర్‌కే పోతుంది.

ఆమె గ్లాసుతో తిరిగొచ్చేసరికి బోర్డు వెలిగింది. అప్పటికే పాలతో లైన్ కట్టినవాళ్లు సంబరపడ్డారు. లైన్లో ముందున్న కళ్యాణి పాలు పోసింది. సుమ టైప్ చేయకముందే వెన్న శాతం ఆరున్నర అని బోర్డు మీద పడింది. సుమ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"తమ్మీ, గా మూడో వైరు తీసెయ్!"

"ఎందుకక్కా? ఉన్నదే సూపెడ్తది గద," అన్నాడు అబ్రార్, నలుగురికీ వినబడేలా.

అప్పటికే టీక్యా పాలు పోసేశాడు. బోర్డు మీద 'రాజీ' అని వెలిగింది. ఆయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. పక్కనున్న మనిషితో అన్నట్టు తమ భాషలో మెల్లగా ఏదో అన్నాడు. అబ్రార్‌కు కళ్లు చెమర్చాయి. ఈ ముసలాయనకైనా న్యాయం జరగాలనుకున్నాడు. సుమ ఆగమంటున్నా వినకుండా, తన చేత్తోనే ఆ పాలు మిషన్‌లో పెట్టాడు.

మూడు. సరిగ్గా మూడు.

బర్రె పాలకు ఐదు రాకపోతే కంప్యూటర్ ఒప్పుకోదు. పేరు ఆరిపోయింది. ఆ చోట 'వాపస్' అని వచ్చింది.

టీక్యా ఆ అక్షరాలు చదవలేడు. అది రాజీ పేరు కాదని మాత్రం తెలిసింది.

"పేరెటు పోయింది బిడ్డా?"

"నీళ్లు గలిపినవా తాతా?" అని అడిగాడు అబ్రార్.

"లే బిడ్డా. రాజీ పేరు మీద నీళ్లు గలుపుతనా? ఇంకొక్కపారి జూడు. వస్తది."

అబ్రార్ మళ్లీ చూశాడు. మూడే.

లైన్లో ఒక్కరూ నవ్వలేదు. ఒక్కరూ తిట్టలేదు. అందరూ తలలు దించుకున్నారు. అబ్రార్‌కు అదే వింతగా తోచింది.

టీక్యా పాలు క్యానులోకి ఒంపుకున్నాడు. మెట్లు దిగుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి బోర్డు వైపు చూశాడు. తర్వాత వెళ్లిపోయాడు.

"మిషన్ అబద్ధం చెప్పదక్కా," అన్నాడు అబ్రార్. "గిన్ని దినాలు ఆయనకు ఎంత ఎక్కించినవ్?"

"ఆరు."

"మూడొచ్చే పాలకు ఆరెట్ల ఎక్కిస్తవ్? అసలు బర్రె పాలకు మూడెట్లొస్తది?"

సుమ మూడో వైరు పీకి పక్కన పడేసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"రాజీని దవాఖానల ఏసిన్నాడే బర్రెనమ్మిండు తమ్మీ, గా పేరు జూసుకునేటందుకు రోజూ దుకాణంల పాకెట్ పాలు గొని, చింపి క్యాన్ల పోసుకొస్తడు."