గేటు దాకా వినబడిన పాట

“ఇప్పుడు బాగా వచ్చింది అంకుల్. ఒక్క తప్పు కూడా లేదు,” అంది గిటారు టీచరు.

ఆయన గిటారును ఒళ్ళో పడుకోబెట్టుకుని ఎడమచేతి వేళ్ళ కొసలు చూసుకున్నాడు. నెల్లాళ్ళుగా ఉక్కు తీగల మీద నొక్కి నొక్కి అవి కాయలు కాశాయి.

“అదేనమ్మా చిక్కు. తప్పు ఉండాలి.”

తూనికలూ కొలతల శాఖలో ముప్ఫయ్యారేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన మనిషి నోట రావలసిన మాట కాదది. తూకపురాళ్ళ అడుగున తొలిచిన బొరియలు, త్రాసు పళ్ళెం కింద అంటించిన మైనం ముద్దలు ఆయన కంటబడకుండా పోయేవి కావు. “రవ్వంతే కదా సార్” అని బతిమాలిన ప్రతి దుకాణదారుకీ “రవ్వంతైనా తేడా తేడాయే” అని జవాబు చెప్పేవాడు. చివరికి ఆయన పేరే ‘రవ్వంత’ అయి కూర్చుంది.

“తప్పుండాలా?” అంది టీచరు.

“డాక్టరు సోమవారం దాకా గడువిచ్చాడు. అప్పటికీ మా ఆవిడ నోటితో తినకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తారు. ఆవిడేమో ఈ పాట వినబడితే తప్ప మెతుకు ముట్టనంటోంది.”

“రికార్డు పెట్టి వినిపించెయ్యకపోయారా?”

“పెట్టాను. కాసేపు విని ‘ఇది కాదు’ అని మొహం గోడకి తిప్పేసుకుంది. మొన్న నేను శుభ్రంగా వాయించినా అదే మాట.”

“మరేది కావాలిట?”

“సి కార్డు నుంచి డి కార్డుకి వేళ్ళు మారేటప్పుడు ఉంగరపు వేలు రవ్వంత ఆలస్యంగా పడాలి. రెండో తీగ గరగరమనాలి. అక్కడ ఆగి మళ్ళీ మొదటికి రావాలి. ముందుకి పోకూడదు.”

“మూడంటే మూడు కార్డుల పాట అంకుల్ ఇది. దాన్ని కూడా సగానికి కోసేస్తారా? అసలు మజా అంతా రెండో సగంలోనే ఉంది. డ్రమ్ములకి కిటికీలు అదిరిపోతాయి.”

“నేనెప్పుడూ అక్కడిదాకా వినలేదు.”

“ఎక్కడ విన్నారసలు?”

“వీధిలో. సాయంత్రం ఆఫీసు నుంచి నడిచొస్తుంటే మా ఇంట్లోంచి వినబడేది. గేటు గడియ తీసేసరికి ఆగిపోయేది.”

“మీరేమైనా అనేవారా?”

“ఒకసారన్నాను. ఈ తీగల గోల మళ్ళీ నా చెవిన పడకూడదన్నాను.” ఆయన తీగల మీద అరచెయ్యి ఆనించాడు. “నేను ఏదైనా ఒకసారి చెబితే చాలేది.”

టీచరు ఆ పాత గిటారు వంక చూసింది. దాని తోలుపట్టీ ఆయన భుజానికి చాలక, మొదటిరోజే కొత్త కన్నం పొడిచి వదులు చెయ్యాల్సి వచ్చింది. ఆయన వెంట తెచ్చే నోటుపుస్తకంలో వేళ్ళు ఎక్కడ పెట్టాలో పెన్సిలు చుక్కలతో గీసి ఉంది. దస్తూరీ ఆయనది కాదు. పదకొండో పేజీ మీద ఇరవైమూడేళ్ళ కిందటి తేదీ. ఆ తరువాతవన్నీ తెల్లకాగితాలే.

“అదా సంగతి. మీ కళ్ళుగప్పి ఆంటీ గిటారు నేర్చుకున్నారన్నమాట. గట్టివారే.”

ఆయన నోటుపుస్తకం మూసేశాడు.

“కానీ తప్పు నేర్పడం నాకు రాదు అంకుల్.”

“నాకు పట్టుకోవడమే వచ్చు. చెయ్యడం చేతకావడం లేదు.”

టీచరు నవ్వబోయి, ఆయన మొహం చూసి మానుకుంది.

“వేలి సంగతి మరిచిపోండి. చెవి వాకిలి వైపు పెట్టండి. ఎవరో వచ్చేస్తున్నారనుకోండి. భయంతో వాయిస్తే ఆ వేలు దానంతటదే తడబడుతుంది.”

“ఎవరొస్తున్నారనుకోను?”

“మీరే.”

ఆయన గిటారును సంచిలో పెట్టుకుని, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగాడు.

ఇల్లు చేరేసరికి ఆరు కావస్తోంది. నర్సు జావగిన్నెతో గుమ్మంలోనే ఎదురైంది.

“పొద్దుట్నుంచీ గుక్క దిగలేదు సార్. ‘ఆరవుతోంది, ఇంకా వినబడదేం’ అని ఒకటే అడగడం.”

రెండేళ్ళుగా ఆవిడకి ఏ ఏడు నడుస్తోందో తెలియదు. భర్త కనబడితే “ఎవరండీ మీరు, కూర్చోండి” అని మర్యాద మాత్రం తప్పకుండా చేస్తుంది.

“ఎదురుగా కూర్చుని వాయించకూడదా సార్? చూస్తే సంతోషిస్తారేమో.”

“వద్దమ్మా. పక్కగదిలోంచి రావాలి. నువ్వు చెంచా సిద్ధంగా పెట్టుకో.”

పక్కగది గుమ్మంలో చెప్పులు విడిచాడు. జీవితమంతా జోడు చెదరకుండా గోడవారగా పెట్టిన మనిషి, ఒకదాన్ని అటూ ఒకదాన్ని ఇటూ టపటపా పడేటట్టు విసిరాడు. లోపల ఇరుకు మంచం, గోడ మీద ఎప్పుడో చింపేసిన పోస్టరు తాలూకు జిగురు మచ్చలు. తలుపు దగ్గరగా వేసి మంచం మీద కూర్చున్నాడు.

జి. సి. చెవి వాకిలి వైపు పెట్టాడు. వీధి మలుపులో తన బూట్ల చప్పుడు. అది దగ్గరవుతోంది. గేటు ముందు ఆగింది. గడియ మీద తన చెయ్యి.

ఉంగరపు వేలు తడబడింది. రెండో తీగ గరగరమంది.

ఆగి మళ్ళీ మొదటికి వచ్చాడు. ఈసారీ అక్కడే తప్పింది. గోడవతల చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు వినబడింది. కాసేపటికి మళ్ళీ వినబడింది. ఆయన కళ్ళు మూసుకుని లెక్కపెట్టాడు. పన్నెండో చెంచా తరువాత గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

వేళ్ళు మండుతున్నా ఆయన ఆపలేదు. అప్పుడు గోడవతల నుంచి, ముప్ఫై తొమ్మిదేళ్ళ కాపురంలో తనతో ఎన్నడూ మాట్లాడని గొంతుతో, గుట్టు చెబుతున్నట్టు ఆవిడ అంది:

“నాన్నగారొచ్చే వేళయింది, ఇక ఆపరా కన్నా.”