ఐదో పెట్టె

సోమవారం ఉదయం 10.50కి మార్కాపురం బస్టాండు దగ్గరి ఒక ఆడియో షాపులో ఐదు స్పీకర్లకు నాలుగే మోగాయి.

షాపు ఫణికృష్ణది. బేరానికి వచ్చింది ఇద్దరు. ఓబులయ్యకు అరవై రెండేళ్లు, పలకల క్వారీలో పని. రోజూ సాయంత్రం ఇంటికొచ్చి హార్మోనియం వింటాడు. టేప్ రికార్డరు పాడైతే కొత్త సెట్టు కొనిపెడతానని కూతురు శివపార్వతి తీసుకొచ్చింది.

"పాటలకే అయితే స్టీరియో చాలక్కా," అన్నాడు ఫణికృష్ణ. "ఎడమొక పెట్టె, కుడి ఒక పెట్టె. పాట రికార్డు చేసేదే రెండింటికి. సరౌండ్ అంటే ఐదు. ముందు మూడు, వెనక రెండు. అది సినిమాలకు."

"రెండూ మోగించు. మా నాయనకు ఎన్ని వినపడతాయో చూడాల."

"చూసినావా అబ్బాయ్," అన్నాడు ఓబులయ్య. "పాటల పెట్టె కొనిస్తానంటే వచ్చినా. ఇది చెవుల ఆసుపత్రి పెట్టింది."

"ఆసుపత్రికి రమ్మంటే వచ్చినావా నువ్వు?" శివపార్వతి ఫణికృష్ణ వైపు తిరిగింది. "ఎడమ చెవి పోయింది తమ్ముడూ, ఒప్పుకోడు. క్వారీలో లెక్కపెట్టే పని ఈయనది. మా ఆయన సతీష్ కూడా ఆడనే. ఇక్కడ తప్పు చెబితే ఈరోజు నుంచే పని మానుకుంటానని మాటిచ్చినాడు."

"నలభై ఏళ్లుగా లెక్కపెడతా ఉండా. ఒక్కటి తప్పలేదు."

పలకలు లెక్కపెట్టి పెట్టెల్లో సర్దేవాళ్లు ఆ ఊళ్లో చాలామంది. ఫణికృష్ణ మేనమామ కూడా ఆ పనే చేశాడు.

"లెక్కకు కళ్లు చాలవా అక్కా?"

"నువ్వు మోగించు అబ్బాయ్," అన్నాడు ఓబులయ్య. "మూడింటికి నేను డ్యూటీలో ఉండాల."

శివపార్వతి తలుపు వైపు నడిచింది. "నేనిక్కడుంటే నా మొహం చూసి చెబుతాడు. బయట నిలబడతా. నిజం చెప్పు తమ్ముడూ."

అద్దాల తలుపు మూసుకుంది.

ఓబులయ్య కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ముందు స్టీరియో పెట్టారు. "రెండు," అన్నాడు. తర్వాత సరౌండ్. ఒక్కో పెట్టెలో ఒక్కో డప్పు దెబ్బ పడుతుంది. ఓబులయ్య దెబ్బకో వేలు మడిచాడు. ముందువి మూడు. వెనక కుడిది నాలుగు. ఆ మోత వెనక గోడకు తగిలి తిరిగొచ్చింది. ఓబులయ్య బొటనవేలు మడిచాడు.

"ఐదు."

ఫణికృష్ణ వెనక్కి చూశాడు. వెనక ఎడమ పెట్టె వైరు ఊడి నేల మీద ఉంది. ఒక చెవితో వినేవాళ్లకు శబ్దం ఏ పక్క నుంచి వచ్చేదీ తెలియదని అతనికి తెలుసు. తొమ్మిదేళ్లుగా అదే వ్యాపారం.

"ఐదే కదా?" ఓబులయ్య కళ్లు తెరిచాడు. "చెప్పవేంది?"

ఫణికృష్ణ వెనక పెట్టె దగ్గరికి నడిచాడు.

"అబ్బాయ్, ఇంట్లో కూచోబెడితే నాకు పొద్దెట్ల పోతది?"

ఫణికృష్ణ వంగి వైరు బిగించాడు. ఆ సరౌండ్ సెట్టు ఏడాదిగా షాపులోనే ఉంది. శివపార్వతి లోపలికి వచ్చింది.

"ఎన్ని చెప్పినాడు?"

"ఐదు."

"మోగినవెన్ని?"

"ఐదే అక్కా."

ఆమె తండ్రి వైపు చూసింది. అతను మడిచిన వేళ్లు చూపించాడు.

"సరేలే," అంది. "గెలిచినావుగా. తమ్ముడూ, ఐదు పెట్టెలదే ఇయ్యి. మధ్యాహ్నం మీద వచ్చి బిగించు."

మధ్యాహ్నం 3.40కి ఫణికృష్ణ వాళ్ల ఊరు చేరాడు. ఇంటి నుంచి క్వారీ అర కిలోమీటరు. నాలుగు పెట్టెలు బిగించి, ఐదోదాని కోసం స్టూలెక్కాడు. టీవీ పక్కన రెండు ఫోన్లు ఉన్నాయి.

"ఫోన్ మర్చిపోయినాడా పెదనాయన?"

"మర్చిపోలేదు. మందు దగ్గర ఫోన్ ఉండకూడదు. ఆయనా సతీషూ ఇంట్లోనే పెట్టి పోతారు."

"మందేంది అక్కా?"

"తూటాల మందు. రాయి పగలాలంటే ఏం పెడతారు మరి?"

"పెదనాయన పలకలు కదా లెక్కపెట్టేది?"

శివపార్వతి నవ్వింది. "పలకలా? ఎవరు చెప్పినారు నీకు? పేలుళ్లు. ఎన్ని తూటాలకు నిప్పు పెడితే అన్ని మోతలు రావాల. లెక్క సరిపోతే మా నాయన సైరన్ వేస్తాడు. సైరన్ పడినాకే సతీష్ వాళ్లు గుంతలోకి దిగేది."

"ఒకటి తగ్గితే?"

"తూటా రాతిలో ఉన్నట్టే. ఆ పొద్దు ఎవరూ దిగరు. అందుకే కదా పొద్దున నీ కాడికి తెచ్చింది."

ఫణికృష్ణ స్టూలు దిగాడు. "ఈరోజు ఎన్ని తూటాలు?"

"ఐదు."

4.10కి మొదటి మోత వచ్చింది. గూట్లో గ్లాసులు కదిలాయి. రెండోది. మూడోది. నాలుగోది. దాని వెనక గుంత గోడ మోత తిరిగొచ్చింది.

ఇద్దరూ ఆగారు. ఇంకేమీ రాలేదు.

"నాలుగే," అంది శివపార్వతి. "ఒకటి పేలలేదు. అయితే ఈరోజు సతీష్ తొందరగా వస్తాడు." టీ గిన్నెలో ఇంకో గ్లాసు నీళ్లు పోసింది.

ఫణికృష్ణ చేతిలో వైరు వదిలేసి బయటికి పరిగెత్తాడు. బండి ఎక్కి తాళం తిప్పాడు.

4.12కి సైరన్ మోగింది.