వెన్నెల్లో కాపలా

"దిగి రండి మామయ్యా. ఇంత పండు వెన్నెల్లో పందులు అడవి దాటవని మీ అబ్బాయే చెప్పేవారు," అంది కోడలు, మంచె కింద నిలబడి.

కొడుకు అడవిపంది కోరలకు బలైపోయినప్పటి నుంచీ ఆయన రోజూ తుపాకీ పట్టుకుని చేనికి వస్తున్నాడు.

"తెలుసమ్మా."

"గాలి కూడా అడవివైపే కొడుతోంది. మన వాసన ఇట్టే పసిగట్టేస్తాయి."

"అదీ తెలుసు."

"మరి దేనికోసం ఈ కాపలా?"

ఆయన తుపాకీ ఒళ్లోంచి తీసి పక్కన పెట్టాడు.

"ఇంట్లో ఉంటే వాడి మంచం కనబడుతుందమ్మా. ఇక్కడైతే ఏదో పనిమీద ఉన్నట్టుంటుంది."

ఏడుపొస్తుందనుకుంది కోడలు. రాలేదు. మెల్లగా నిచ్చెనెక్కింది.

"నేనూ ఆ మంచం చూడలేకే వంటింట్లో పడుకుంటున్నాను. కాస్త జరగండి మామయ్యా."