ముందున్న ముప్పై ఏడుగురు

నాగూర్ వలి మార్కాపురం చేరేసరికే గోడ వారన ముప్పై ఏడు పలకలు ఉన్నాయి.

రెండుసార్లు లెక్కపెట్టాడు. తగ్గలేదు.

యుద్ధం వచ్చినప్పటినుంచీ అందరికీ అలవాటైన పద్ధతే అది. సర్కారు ఏదైనా ఇస్తుందంటే, పగిలిన పలక ముక్క మీద పేరు గీకి వరసలో పెట్టి, మనిషి నీడ చూసుకుంటాడు. మార్కాపురంలో బియ్యం దొరక్కపోవచ్చు, ఉప్పు దొరక్కపోవచ్చు, పలక ముక్కలకు మాత్రం కరువు రాదు.

వలి తన ముక్కను ముప్పై ఎనిమిదోదిగా పెట్టి, దాని పక్కనే తానూ కూర్చున్నాడు. చేతిలో ఖాళీ సీసా. తర్లుపాడులో కూతురు జులేఖాకు తెల్లవారుజామునే నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని కోటమ్మ ఒకటే మాట చెప్పింది.

"బుడ్డిలో కిరసనాయిలు లేందే నేను గడప తొక్కను. పోయిన నెల చీకట్లో తడుముకుంటా కాన్పు చేసినా. మళ్లీ ఆ పాపం నావల్ల కాదు."

ఆముదం దీపం పెడదామంటే, ఆముదం ధర కొండెక్కి అక్కడే కాపురం పెట్టింది.

వలి వెనక పెద్దారవీడు వెంకటసుబ్బులమ్మ వచ్చి కూర్చుంది. ఆమె వెనక ఇంకొకరు. మధ్యాహ్నానికి యాభై మంది అయ్యారు. గోడ అవతల ఏముందో ఎవరికీ తెలియదు. కిరసనాయిలు ఇస్తారని మాత్రం అందరికీ తెలుసు.

"ముందరుండేది ఎవరబ్బీ?" అంది సుబ్బులమ్మ.

"ఎవరూ కనపడలా పెద్దమ్మా. పలకలే ఉండాయి."

"చూడు, చట్రాలుండే పలకలు. మనకేమో పగిలిన ముక్కలు. కలిగినోళ్లు నాయనా. ఇంట్లో పండుకొని పలకల్ని పంపినారు."

"పేర్లు గూడా రాయలా."

"ఎందుకు రాస్తారు? వాళ్ల పేర్లు ఆఫీసోళ్లకు నోటికొచ్చు."

వరస నవ్వింది. ఆమె ఇక ఆగలేదు. "ఏడనో దొరలూ దొరలూ కొట్టుకుంటే నా వంటింట్లో దీపం ఆరిపాయ. నేనేమన్నా ఆ జర్మనీవాణ్ని ఒక్కమాట అన్నానా?"

అప్పుడే సప్లయి గుమాస్తా సంజీవరావు సైకిలు మీద ఆ దారిన పోతూ కాలు ఆనించి ఆగాడు. ఇంత పొడుగు వరస, అదీ తనకు తెలియకుండా.

"ఏందిది?"

"కిరసనాయిలు సామీ."

"ఇక్కడిస్తారని ఎవరు చెప్పినారు?"

యాభై మందీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "పైనుంచి వచ్చిందంట" అన్నాడు చివర ఉన్నవాడు.

సంజీవరావు ముఖం పాలిపోయింది. పైనుంచి కాయితం వచ్చే ఉంటుంది, తానే చూసుకోలేదు. ఆ కాయితం రాలేదనే కదా నెలరోజులుగా డబ్బాలకు తాళం వేసి కూర్చున్నది. గబగబా చట్రాలున్న పలకలు లెక్కపెట్టుకున్నాడు. మనుషులు కదులుతారు, పలకలు కదలవు. ముక్కలను ఆయన పలకల కింద జమకట్టలేదు. గంటలో బండి మీద డబ్బాలు దిగాయి.

"ముప్పై ఏడు పలకలు, ముప్పై ఏడు సీసాలు. పలకలోళ్లు రావాల."

ఎవరూ రాలేదు. మళ్లీ పిలిచాడు. పలకలు గోడకు ఆనుకుని నిమ్మళంగా ఉన్నాయి.

వలి లేచాడు. "వాళ్లు రాలేదు గదా సామీ. నాకొక్క సీసా పోయండి. ఇంటికాడ బిడ్డ నొప్పులు పడతాంది."

"వాళ్ల వంతు నీకెట్ల ఇస్తా? రేపు వాళ్లొచ్చి అడిగితే?"

"అవి పలకలు సామీ" అంది సుబ్బులమ్మ. "పలకలకు దీపమెందుకు?"

"రూలు" అని గుమాస్తా గరాటు తీయడానికి బండివైపు తిరిగాడు.

ఆయన మళ్లీ ఇటు తిరిగేసరికి ముప్పై ఏడు పలకలూ ముప్పై ఏడు చేతుల్లో ఉన్నాయి. సుబ్బులమ్మ ఒకటి తాను పట్టుకుని, అన్నిటికన్నా ముందున్నది వలి చేతిలో కుక్కింది.

"అట్ల రావాల మరి పిలిస్తే" అని గుమాస్తా సంతోషించాడు. వలి చేతిలోని పలక అందుకుని ఎగాదిగా చూశాడు. చెరిపీ చెరపని అంకెలు. "మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు. ఏందిది?"

వలి ఖాళీ సీసా ముందుకు చాపాడు. "ఆముదం ధర సామీ. నెలనెలా రాసుకుంటాండా."

గుమాస్తా బరువుగా తల ఊపాడు. ఆయన ఇంట్లోనూ ఆముదం కొంటారు.

సీసా నిండింది. దొరికినవాళ్లు దొరికినట్టు జారుకున్నారు. దొరకనివాళ్లు తిట్టుకుంటూ పోయారు. వలి మాత్రం ఆగిపోయాడు. పారేసిపోయిన పలకలన్నీ ఏరి, మట్టి తుడిచి, ఒక్కొక్కటే గోడకు ఆనించి మునుపటిలాగే పేర్చాడు.

"నొప్పులంటివే, పో నాయనా" అంది సుబ్బులమ్మ.

"పోతాండా పెద్దమ్మా. ముప్పై ఏడు ఇండ్లకు ఈ పొద్దు దీపం లేకుండా చేసినాం. వాళ్లలో ఎవరింట్లో కాన్పుందో ఏమో."

 ఆమె తన సీసాను కొంగు కింద దాచుకుంది. వలి పలకలకు ఒక సలాం పెట్టి, సీసాను గుండెకు ఆనించుకుని తర్లుపాడు దారి పట్టాడు.

ఎండ తగ్గిందని గోడకున్న చిన్న తలుపు తీసుకుని బయటికొచ్చిన పంతులమ్మ దయామణి, పొద్దున తన బడిపిల్లలు బొగ్గు రుద్ది కడిగి ఆరబెట్టిన పలకలు ఎండాయో లేదో తడిమి చూసి, ముప్పై ఏడూ గంపలో సర్దుకుని లోపలికి పోయింది.